మగ్గం గుంటలో బూట్లు

ఉదయం తొమ్మిదింటి నుంచి పదకొండూ ఇరవై దాకా మూడు వందల పన్నెండు మంది ఆ శవాన్ని చూశారు. కొందరు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒక తల్లి చంకలో పిల్లకు ‘చూడమ్మా, తాత బట్ట నేస్తున్నాడు’ అని వేలుపెట్టి చూపించిందట. అగ్నిప్రమాదాల బీమా సర్వేయరుగా ఇరవై రెండేళ్లు కాలిన ఇళ్లలో తిరిగినదాన్ని, ఆ తర్వాత ఆరేళ్లుగా డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్నదాన్ని. అయినా ఆ మాటను రెండోసారి చెప్పించుకుని విన్నాను.

పాత పల్లె బతుకును చూపించే ఆరుబయటి మ్యూజియం అది. పదకొండు ఊళ్ల నుంచి పదకొండు ఇళ్లను దూలం దూలంగా విప్పి, ముక్కముక్కకూ నంబరు వేసి లారీల్లో తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటి పని చేస్తున్నట్టుగా మనిషెత్తు చెక్క బొమ్మలు పెట్టారు. మొత్తం ఇరవై మూడు బొమ్మలు. నేతగాడి ఇంట్లో గుంటమగ్గం ముందు కూర్చునేది తొమ్మిదో నంబరు బొమ్మ. ఈ ఉదయం ఆ బొమ్మ చోట, ఆ బొమ్మ దుప్పటీ తలగుడ్డా చుట్టుకుని, మ్యూజియం డైరెక్టర్ కూర్చుని ఉన్నాడు. తల వెనక సుత్తి దెబ్బ. నిన్న సాయంత్రం ఐదుకీ ఆరుకీ మధ్య ప్రాణం పోయిందని పోలీసు డాక్టర్ తేల్చాడు.

నన్ను పిలిచింది కమ్మరి కూతురు. ఆ పదకొండు ఇళ్లలో కమ్మరి ఇల్లు ఒకటి. దాన్ని విప్పి తెచ్చినప్పుడు అందులో పుట్టి పెరిగిన మనిషిని కూడా సామానుతోపాటే తెచ్చేసుకున్నారు. తన ఇంట్లోనే కొలిమి రాజేసి, వచ్చినవాళ్లకు మేకులూ కొడవళ్లూ కొట్టి చూపించడం ఆయన ఉద్యోగం. కూతురు అదే మ్యూజియంలో, పాత వస్తువులు పాడవకుండా చూసే విభాగంలో సహాయకురాలు. తల్లి లేదు. తండ్రీ కూతుళ్లు పొద్దున ఒకే బస్సులో వస్తారు, సాయంత్రం ఒకే బస్సులో వెళతారు.

ఫోన్లో ఆ అమ్మాయి ఏడవలేదు. “మా నాన్న చెయ్యలేదు మేడమ్. నాకు తెలుసు. నాలుగింటికి కోర్టుకు తీసుకెళ్తారట. ఎలాగైనా ఆపండి,” అంది. అప్పుడు ఒంటిగంటా పది. తండ్రిని పట్టుకుని పది నిమిషాలైంది.

నేను చేరేసరికి రెండుంబావు. గేటు దగ్గరే నిలబడి ఉంది. ముప్పై ఏళ్ల మనిషి, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లు, పనిలో వేసుకునే కోటు జేబులోంచి వేలాడుతున్న తుడుపు గుడ్డ. నా ఫీజు సంగతి ఎత్తబోతే వద్దని, అదేదో తర్వాత చూసుకుందామన్నాను. ఆ కళ్లు చూసి ఉండబట్టలేక ఒక మాట కూడా ఇచ్చేశాను.

“సాయంత్రంలోగా మీ నాన్నను ఇంటికి పంపిస్తాను.”

మాట ఇచ్చే ముందు కేసు చూడాలని నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ చెబుతుంటాను. చెప్పేవి నీతులు, దూరేవి గుడిసెలు అంటారు చూడండి, అలా ఉంది నా సంగతి.

ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ పరాయివాడైతే నాకు పని సులువయ్యేది. ఖర్మకాలి నా చెల్లెలి మొగుడు. పోయిన ఏడాది ఇతగాడు మూసేసిన కేసును నేను మళ్లీ తెరిపించాను. అప్పటి నుంచి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నా మంచినీళ్లు తానే వంచుకుంటాడు.

“వదినగారూ, టికెట్ కొనుక్కునే వచ్చారా?” అన్నాడు.

“కొన్నాను మరిదిగారూ. ఏమీ చూడకుండా పంపితే డబ్బు వాపసు ఇవ్వరట,” అన్నాను.

తన దగ్గరున్నదంతా వేళ్లు మడిచి చెప్పాడు. నిన్న నాలుగున్నరకు కమ్మరి డైరెక్టర్‌తో గొడవపడ్డాడు, నలుగురు విన్నారు. కమ్మరి ఇంట్లో కొలిమి ముందు కొత్తగా బూడిద చల్లి ఉంది, దాని కింద మట్టిలో రక్తం ఉంది. అదే ఇంటి గోడకు వేలాడుతున్న సుత్తుల్లో ఒకదాని ముఖం గాయానికి అచ్చంగా సరిపోయింది, కర్రా ఇనుమూ కలిసే సందులో రక్తం దొరికింది. పైగా కమ్మరి ఐదూ పదికి గేటు దాటినట్టు పుస్తకంలో ఉంది గానీ, అక్కడి నుంచి ఆరున్నర దాకా ఎక్కడున్నాడో సరిగ్గా చెప్పడం లేదు. ఆఫీసు వైపు తలుపులోంచి మళ్లీ లోపలికి వచ్చి ఉంటాడని మా మరిది లెక్క. ఇంకేం కావాలి అన్నట్టు చూశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

వస్తువులేవీ ముట్టుకోకుండా నాలుగు దాకా తిరగమన్నాడు. తాను అడ్డుపడ్డానని ఇంటికి ఫోన్ చేసి చెప్పవద్దని కూడా గొంతు తగ్గించి అన్నాడు.

ముందుగా శవాన్ని కనిపెట్టిన పెద్దాయన దగ్గరకు వెళ్లాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, యాభై ఏళ్లు మగ్గం నేసినవాడు. నేతగాడి ఇంటి ముందు బెంచీ మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన నీళ్లసీసా మూత తియ్యకుండా పట్టుకుని ఉన్నాడు. పక్కన కూర్చుని మూత తీసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగాక మొదలుపెట్టాడు.

పోయిన నెలలో కూడా వచ్చాడట ఆయన. అప్పుడా బొమ్మ గుంట అంచున మఠం వేసుకుని కూర్చుని ఉంది. చెక్క కాళ్లు వంగవు కాబట్టి అలా చేశారు. చూసి ఆయనకు మండింది. కాళ్లు గుంటలో పెట్టి చెక్కలు తొక్కనిదే మగ్గం ఎలా ఆడుతుందని సందర్శకుల పుస్తకంలో పేజీ నిండా రాసి వెళ్లాడు. ఈరోజు వచ్చి చూస్తే బొమ్మ కాళ్లు గుంటలోనే ఉన్నాయి.

“నా మాట విన్నారనుకున్నాను తల్లీ,” అన్నాడు. “అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పాదాలు సరిగ్గా చెక్కల మీద పెట్టారో లేదో చూద్దామని తాడు కిందనుంచి దూరి వంగాను. బూట్లున్నాయి. లేసులు కట్టిన బూట్లు. ఏ నేతగాడూ బూట్లతో మగ్గంలోకి దిగడు. ఇంత చేసి ఇదేం తప్పు అనుకుంటూ తలెత్తి మొహం చూశాను.”

నా చేతిలోని మూత తీసుకుని సీసాకు బిగించాడు. తన సలహా పాటించి ఎవరో ఈ పని చేశారన్నంత అపరాధంగా ఉంది ఆ ముఖం. ఆయన ఆ పుస్తకంలో రాయకపోతే, ఈరోజు రాకపోతే, ఆ శవం సాయంత్రం దాకా బట్ట నేస్తూనే ఉండేది.

నేతగాడి ఇంట్లోకి వెళ్లాను. శవాన్ని తీసేశారు. గుంట అంచు నేలకు సమానంగా ఉంది. నడుముదాకా ఎత్తక్కర్లేదు, చక్రాల బండి మీద తెచ్చి జారిస్తే చాలు, కాళ్లు వాటంతట అవే గుంటలోకి దిగుతాయి. బొమ్మల్ని జరపడానికి వాడే బండి చక్రాల గీతలు, జనం తొక్కినా పూర్తిగా చెరగకుండా, కమ్మరి ఇంటి నుంచి పది అడుగుల దూరం ఇక్కడికి వచ్చాయి. ఒక మనిషి చెయ్యగల పనే, బలం కంటే అలవాటు కావాలి.

ముందుకు వాలకుండా శవాన్ని వెనకనున్న స్తంభానికి వెడల్పాటి నూలు నాడాతో కట్టారు. పోలీసులు నాడాను కోసి అలాగే వదిలేశారు. ముడి చూద్దామని స్తంభం వెనక్కు వెళ్లిన నేను అక్కడే ఆగిపోయాను. నాడాకూ స్తంభానికీ మధ్య నాలుగు మడతల ఉన్ని గుడ్డ పెట్టి ఉంది.

మనిషికీ నాడాకూ మధ్య ఏమీ లేదు. మెత్త పెట్టింది స్తంభానికి. రెండు వందల ఏళ్ల చెక్క మీద నాడా ఒరుసుకుని గీత పడకూడదని.

కాలిన ఇళ్లలో ఎన్నో చూశాను గానీ ఇలాంటిది చూడలేదు. కానిస్టేబుల్‌ను అడిగితే ఇంకో సంగతి చెప్పాడు. తొమ్మిదో నంబరు బొమ్మ ఒంటిగంటకు స్టోరులో దొరికింది. తన పెట్టెలోనే, తెల్లటి పలచని కాగితంలో చుట్టి, మెడ కింద చిన్న దిండు పెట్టి పడుకోబెట్టి ఉందట. మనిషి తల పగలగొట్టిన చేతులు చెక్క బొమ్మ మెడకు దిండు పెట్టాయి.

తర్వాత వాచ్‌మన్. సన్నగా పొడుగ్గా ఉంటాడు, ప్రతి ప్రశ్నకూ ముందు తనను తాను కాపాడుకునే సమాధానం ఒకటి చెప్పి ఆ తర్వాత అసలుది చెబుతాడు. రోజూ ఆరింటికి ఇల్లిల్లూ తిరిగి, గుమ్మంలోంచి టార్చి వేసి, బొమ్మలు లెక్కపెట్టి టిక్కు పెట్టడం అతని పని. నిన్న కూడా ఇరవై మూడు ఉన్నాయి.

“తొమ్మిదో బొమ్మ మొహం చూశావా?” అని అడిగాను.

“మొహాలు చూడమని ఆర్డర్ లేదమ్మా. తలలు లెక్కపెట్టమన్నారు,” అన్నాడు.

అంటే ఆరింటికే శవం మగ్గం ముందు ఉంది. లెక్క తప్పకూడదనే అక్కడ పెట్టారు. తర్వాత తీసి ఎక్కడికైనా చేర్చాలన్న ఆలోచన ఉండే ఉంటుంది. మరి తెల్లారేదాకా ఎందుకు ఊరుకున్నట్టు? ఆ చిక్కు కూడా వాచ్‌మనే విప్పాడు. ఈరోజు మ్యూజియానికి వారపు సెలవు. ఆరు బస్సుల్లో పొరుగూరి వాళ్లు వస్తున్నారని, సెలవైనా తొమ్మిదింటికి గేటు తెరవమని డైరెక్టర్ నిన్న ఐదున్నరకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని ప్రమాణం చేశాడు వాచ్‌మన్. టికెట్లు కూడా తానే చింపాడు.

చంపినవాళ్లు ఈరోజంతా తమదే అనుకున్నారన్నమాట. గేటు తెరిచి ఉండడం, జనం బారులు తీరి నడవడం చూసి వాళ్లకు పై ప్రాణాలు పైనే పోయి ఉంటాయి. ఐదున్నర తర్వాత లోపల ఇంకెవరున్నారని అడిగితే తనకు తెలియదన్నాడు. గేటు పుస్తకంలో రాసేది సందర్శకులనూ, కమ్మరిలాంటి రోజుకూలీ వాళ్లనూ మాత్రమే. నెలజీతాల వాళ్లు ఆఫీసు వైపు తలుపులోంచి వెళతారు, అక్కడ రాసుకునేవాళ్లు లేరు.

మూడుంబావుకు కమ్మరి ముందు కూర్చున్నాను. పోలీసులు పిలిపించి కూర్చోబెట్టిన తన మ్యూజియం ఇంట్లోనే, చల్లారిన కొలిమి పక్కన, ఇనుము కొట్టే దాగలి మీద చెయ్యి వేసి ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి. గొడవ సంగతి దాచలేదు. పిల్లలు ముట్టుకుని చూడటానికని డైరెక్టర్ ఆరు నెలల క్రితం ఆయన చేత పాత కొడవళ్లకూ గొడ్డళ్లకూ తాళాలకూ నకళ్లు చేయించాడట, నలభై దాకా. నిన్న మధ్యాహ్నం రైతు ఇంటి గోడ మీద వేలాడుతున్న పాత కొడవలిని చూస్తే అది పాతది కాదు, తాను చేసిందే. అసలువి బయటికి పోయాయి, నకళ్లు గోడలెక్కాయి. వెళ్లి అడిగాడు. డైరెక్టర్ నవ్వి, ‘నకళ్లు చేసిన చేతులు నీవి. రేపు దొంగెవరంటే ఎవరిని చూపిస్తారు?’ అన్నాడట.

“కోపం రాలేదా అన్నా?” అన్నాను.

“వచ్చింది. ఇంటికి పోదామని చెయ్యి కడుక్కున్నాను,” అన్నాడు.

వెళ్లే ముందు ఈ సంగతి కూతురికి చెప్పాడు, ఇక పనికి రానని కూడా చెప్పాడు. ఐదూ పదికి గేటు దాటాడు. ఆ తర్వాత బస్టాపులో కూర్చున్నాడట. ఐదుంబావుకే బస్సు ఉంది కదా, ఎందుకు ఎక్కలేదని అడిగాను. దాగలి మీది మసిని బొటనవేలితో తుడిచాడు. కూతురి కోసం ఆగి ఉంటాడని నాకు తోచింది, రోజూ కలిసే వెళతారు కదా. అంత మాత్రం చెప్పడానికి ఈ బెట్టేమిటో అర్థం కాలేదు. రెండోసారి అడిగాను, మూడోసారి అడిగాను. నోరు మెదపలేదు. నేను వాచీ చూసుకున్నాను. మూడూ ముప్పై ఐదు.

అప్పుడు గోడ చూశాను.

ఆ ఇంటితోపాటు వచ్చిన ఐదు పాత సుత్తులు కమ్మరి తాతగారివి. చెక్క కొక్కేలకు వరసగా వేలాడుతున్నాయి. నాలుగోదాని చుట్టూ పోలీసులు సుద్దతో గుండ్రం గీశారు. దాని ఇనుము మీద కళ్లు పెట్టి చూస్తే సన్నగా నూనె మెరుపు. కొక్కేనికి వేలాడుతున్న దాన్ని ముట్టుకోకుండా, గోడకు చెంప ఆనించి వెనక్కు చూశాను. ఇనుముకు గోడవైపు బియ్యపుగింజంత అక్షరాలతో తెల్లరంగు నంబరు ఉంది, నాలుగు వందల పన్నెండు. మిగతావీ అంతే, అన్నిటి నంబర్లూ గోడవైపే. చూడ్డానికి వచ్చినవాళ్లకు నంబరు కనపడకూడదన్నది మ్యూజియం పద్ధతి.

కమ్మరి రోజూ వాడుకునే సొంత సుత్తులు మాత్రం గోడ మీద లేవు. కొలిమి పక్కన నీళ్లతొట్టిలో తలకిందులుగా నిలబడి ఉన్నాయి. ఎందుకని అడిగితే ఆయన మొదటిసారి కాస్త ఉత్సాహంగా చెప్పాడు. ఎండకు కర్ర బిగువు తగ్గి సుత్తితల ఊడి వస్తుంది, నీళ్లలో నిలబెడితే కర్ర ఉబ్బి బిర్రుగా పట్టుకుంటుంది. వాళ్ల నాన్న అలాగే చేశాడు, తాతా అలాగే చేశాడు.

నాకు కావలసింది దొరికింది. మా మరిదిని పిలిపించాను. వెనకే కమ్మరి కూతురు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. వాచ్‌మన్, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు.

“మరిదిగారూ, ఈయన చంపాడనే అనుకుందాం,” అన్నాను. “చేతిలో రక్తం అంటిన సుత్తి. పక్కనే నీళ్లతొట్టి. పుట్టినప్పటి నుంచి సుత్తి చేతిలోంచి దించితే తొట్టిలోనే దించే మనిషి. అందులో ముంచి ఉంటే నీకు రక్తపు చుక్క దొరికేదా?”

మా మరిది వంగి తొట్టిలోకి చూశాడు.

“ఈ సుత్తిని నీళ్లకు చూపించనైనా లేదు. పొడిగుడ్డతో తుడిచారు. అందుకే సందులో రక్తం మిగిలింది. తుడిచి నూనె రాశారు. కొక్కేనికి తగిలించి నంబరు గోడవైపు తిప్పారు. అవతల స్తంభానికి గీత పడకుండా మెత్త పెట్టారు. బొమ్మ మెడ కింద దిండు పెట్టారు. ఇది ఇనుము వాడుకునేవాడి చెయ్యి కాదు. ఇనుము తుప్పు పట్టకుండా కాపాడేవాళ్ల చెయ్యి. పీకల మీదికి వచ్చినప్పుడు కూడా ఇనుమును తడపలేకపోయారు.”

మా మరిది ముఖం మాడిపోయింది గానీ తేరుకున్నాడు. నేనెవరి గురించి చెబుతున్నానో అతనికి అర్థమైంది. వస్తువుల సంరక్షణ విభాగానికి ఒక పెద్దాయన ఉన్నాడు. చేతి తొడుగులు లేకుండా చెంచా కూడా ముట్టుకోడని అందరూ దూదిచేతులని పిలుస్తారు. నా మనసులో ఉన్నది ఆయనే. మా మరిది అక్కడే ఫోన్ తీసి మాట్లాడి, స్పీకర్ పెట్టి నాకు వినిపించాడు. దూదిచేతులు కంటి ఆపరేషన్ చేయించుకుని నాలుగు రోజులుగా వేరే ఊరి ఆసుపత్రిలో ఉన్నాడు, రెండు కళ్లకూ కట్లు. ఇప్పుడు పక్కన నర్సు ఉంది.

“గుడ్డలూ దిళ్లూ చూపించి మనిషిని వదిలెయ్యమంటే కుదరదు వదినా,” అన్నాడు. ఈసారి గారు కూడా పోయింది. “పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. ఈ పద్ధతులు ఈయనకు మాత్రం తెలియవా? కావాలనే అలా చేసి ఉండొచ్చు. పదండి, టైమైంది.”

మూడూ యాభై రెండు. కానిస్టేబుల్ కమ్మరి భుజం మీద చెయ్యి వేశాడు. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి నా వంకే చూస్తోంది. చేతిలో ఇక మిగిలింది ఒక్కటే. మాటలతో నమ్మనివాడికి పని చూపించాలి.

ఒక్క నిమిషం ఆగమన్నాను. మా మరిది అనుమతి తీసుకుని, గోడ మీదున్న మొదటి సుత్తిని చేతిరుమాలుతో దించి కమ్మరికి ఇచ్చాను. నాలుగు దెబ్బలు కొట్టి, రోజూ పని అయిపోయాక ఎలా పెడతాడో అలా పెట్టమన్నాను. పద్ధతులు తెలిసినవాడో కాదో అక్కడే తేలుతుంది.

ఆయన లేచాడు. దాగలి మీద నాలుగు దెబ్బలు వేశాడు. ఆ మోతకు బయట బెంచీ మీదున్న నేత పెద్దాయన కూడా తల తిప్పి చూశాడు. తర్వాత కమ్మరి గోడవైపు చూడనైనా లేదు. చెయ్యి దానంతటదే తొట్టివైపు వెళ్లింది. నూరేళ్ల సుత్తిని తలకిందులుగా నీళ్లలో నిలబెట్టేశాడు.

నేను గెలిచానన్నట్టు మా మరిదివైపు తిరిగాను. అతను నన్ను చూడటం లేదు. నా వెనక నీళ్ల చప్పుడైంది.

“ఎన్నిసార్లు చెప్పాను నాన్నా,” అంటోంది ఆ అమ్మాయి, విసుగ్గా, అలసటగా, ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడినట్టు. మోచేతి దాకా తడిసిన చేత్తో సుత్తిని తొట్టిలోంచి తీసింది. జేబులోని గుడ్డ లాగి ఇనుమును తుడిచింది, తలా మెడా తుడిచి, కర్ర సందు దగ్గర చూపుడువేలికి గుడ్డ చుట్టి మళ్లీ తుడిచింది. రెండో జేబులోంచి చిన్న సీసా తీసి రెండు చుక్కలు వేసి రాసింది. వెళ్లి కొక్కేనికి తగిలించింది. నంబరు ఇటువైపు ఉంటే వేలితో మెల్లగా గోడవైపు తిప్పింది.

అప్పుడు చేతిని చూసుకుంది.

వాచ్‌మన్ నోరు తెరిచి అలాగే ఉన్నాడు. రెండుంబావుకు గేటు దగ్గర చూసిన కళ్లు గుర్తొచ్చాయి. తండ్రిని పట్టుకున్నది మధ్యాహ్నం ఒంటిగంటకు. మరి రాత్రంతా నిద్రలేని కళ్లు ఆ పిల్లకెక్కడివి? ఆ ఒక్క ప్రశ్న నాకు రాలేదు. తండ్రి మీద జాలిపడుతూ కూర్చున్నాను. ఆయన బస్టాపులో కూర్చుని కూతురి కోసం గంటకు పైగా ఎందుకు ఎదురుచూడాల్సి వచ్చిందో, అది ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమైంది. ఆ మౌనం బెట్టు కాదు, అందరికంటే ముందు ఆయనకే అనుమానం వచ్చింది.

“నేనే చంపాను,” అన్నాడు కమ్మరి. కూతురికీ ఇన్‌స్పెక్టర్‌కూ మధ్యకు వచ్చి రెండు చేతులూ ముందుకు చాపాడు. “రాసుకోండి బాబూ. సుత్తి మాది. కొట్టింది నేను. పదండి.”

మా మరిది ఆ చేతుల్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. మా ఇద్దరి మధ్యా ఏడాదిగా ఉన్న పోటీ ఆ క్షణంలో ఎవరికీ అక్కర్లేకపోయింది.

“తప్పుకోండి పెద్దాయనా,” అన్నాడు మెల్లగా.

ఆ అమ్మాయి తండ్రి భుజం పట్టుకుని పక్కకు జరిపింది. జరిపేటప్పుడు కూడా, ఏ పాత వస్తువునో జరుపుతున్నట్టు, రెండు చేతులతో జాగ్రత్తగా జరిపింది. “అడగడానికే వెళ్లాను. ఇక్కడే, కొలిమి దగ్గరే ఉన్నాడు,” అంది. “అసలువి ఎక్కడున్నాయో చెప్పమన్నాను. నేను రాసే వస్తువుల రిజిస్టరులో నాన్న పేరు దొంగ అని నా చేతే రాయిస్తానన్నాడు. నవ్వుతూ అన్నాడు. అటు తిరిగి కొలిమి చూస్తూ ఇంకా ఏదో అన్నాడు, నాకు గుర్తులేదు. ఇవాళ సెలవనుకున్నాను మేడమ్. పొద్దున వచ్చేసరికి జనం.”

ఆ తొమ్మిది నుంచి పదకొండూ ఇరవై దాకా ఆమె ఎక్కడుందని అడగలేకపోయాను. తనే చెప్పింది. నేతగాడి ఇంటి ముందే నిలబడిందట. తాడు దాటి ఎవరూ లోపలికి వెళ్లకుండా చూస్తూ, మగ్గం గురించి అడిగినవాళ్లకు వివరం చెబుతూ.

ఆఫీసులో గోడ గడియారం నాలుగు కొట్టింది. మా మరిది కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. వెళుతూ వెళుతూ ఆమె నా దగ్గర ఆగింది. చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

“నాన్నను వదిలేస్తారుగా మేడమ్?” అంది. “సాయంత్రంలోగా పంపిస్తానన్నారు.”

పంపించాను. ఐదుంబావు బస్సు ఎక్కించాక, ఆ ముసలాయన తన పక్క సీటు మీద చెయ్యి వేసి ఆపి, ఎవరినీ కూర్చోనివ్వలేదు.